బూట్‌పాలిష్ డబ్బాల నుంచి ప్రపంచ సాహిత్యానికి: ఛార్లెస్ డికెన్స్

- ఒక పూర్వ విద్యార్థి



సంక్రాంతి సెలవులిచ్చిన రోజు సాయంత్రం హాస్టల్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ట్రంకుపెట్టెలు, సంచులు పట్టుకుని అందరూ బస్టాండు వైపు పరుగులు తీస్తారు. చీకటి పడేసరికి గదులన్నీ ఖాళీ. అయినా ఏదో ఒక గదిలో ఒక్కడు మిగిలిపోతాడు. తీసుకెళ్ళడానికి ఎవరూ రానివాడు, వెళ్దామంటే ఇల్లు లేనివాడు. వాడు లైటు కింద కూర్చుని పుస్తకం తిరగేస్తూ ఉంటాడు. మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ అలాంటి వాడు ఒకడుండేవాడు.

అచ్చం అలాంటి కుర్రవాడు ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఒక కథలో ఉన్నాడు. అదొక దయ్యాల కథ. పేరు 'ఎ క్రిస్మస్ కేరల్'. 1843లో ఇంగ్లండులో అచ్చయింది. రాతిగుండె పిసినారి ఒకడు ఒక్క రాత్రిలో మనిషిగా మారడం అందులోని కథ. దాన్ని రాసిన మహారచయిత ఛార్లెస్ డికెన్స్. ఆయన పేరు ఇంగ్లీషు పాఠాల్లో వినే ఉంటారు. ఆయన నవల 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'ను తెన్నేటి సూరి గారు 'రెండు మహానగరాలు' పేరుతో మన తెలుగులోకి తెచ్చారు. కానీ ఆయన బాల్యం గురించి మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడంలో వింత లేదు. దాన్ని ఆయన కన్నబిడ్డల దగ్గర కూడా దాచిపెట్టారు.

బాల్యం

ఛార్లెస్ డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. తల్లి ఎలిజబెత్. ఎనిమిదిమంది సంతానంలో ఛార్లెస్ రెండోవాడు. అక్క పేరు ఫ్యానీ.

తండ్రి మంచివాడే, కబుర్లపోగు. కానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. వచ్చిన జీతం కంటే ఖర్చు ఎప్పుడూ ఒక మెట్టు పైనే. చాథమ్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఛార్లెస్ బడికి వెళ్ళాడు. ఇంట్లో ఒక చిన్న గదిలో తండ్రి పుస్తకాలు కొన్ని ఉండేవి. 'అరేబియన్ నైట్స్', 'రాబిన్సన్ క్రూసో' వంటివి అక్కడే చదివాడు. 1822లో కుటుంబం లండన్ చేరింది. అప్పులు పెరిగాయి. ఛార్లెస్ బడి ఆగిపోయింది. ఇంట్లోని సామాన్లు, తను ప్రేమించిన పుస్తకాలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి.

1824 ఫిబ్రవరిలో, పన్నెండేళ్ళు నిండిన కొద్ది రోజులకే, ఛార్లెస్‌ను పనిలో పెట్టారు. ఒక బంధువు చూపించిన పని అది. థేమ్స్ నది ఒడ్డున కూలడానికి సిద్ధంగా ఉన్న పాత భవనంలో వారెన్ బూట్‌పాలిష్ ఫ్యాక్టరీ. లోపల ఎలుకలు తిరిగేవి. పాలిష్ డబ్బాలకు కాగితం మూతలు కట్టడం, దారం చుట్టడం, పైన పేరు కాగితం అంటించడం అతని పని. రోజుకు పది గంటలు. జీతం వారానికి ఆరు షిల్లింగులు.

అదే నెలలో తండ్రిని అరెస్టు చేశారు. ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీ. ఆ రోజుల్లో ఇంగ్లండులో అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టేవారు. జైల్లో ఉన్నవాడు సంపాదించేదెలా, అప్పు తీర్చేదెలా అన్న ప్రశ్న ఆ చట్టానికి పట్టలేదు. జాన్ డికెన్స్‌ను మార్షల్సీ అనే జైలుకు పంపారు. ఇంటి అద్దె కట్టే దారి లేక తల్లి, చిన్న పిల్లలు కూడా ఆ జైలు గదిలోకే వెళ్ళి ఉన్నారు. ఫ్యానీ సంగీత విద్యాలయంలో చదువు కొనసాగించింది. ఛార్లెస్ ఒక్కడూ బయట వేరే వాళ్ళ ఇంట్లో తలదాచుకున్నాడు.

జీతం శనివారం చేతికొచ్చేది. మళ్ళీ శనివారం దాకా సరిపోవాలని ఆ పిల్లవాడు డబ్బును రోజుకొక పొట్లం చొప్పున కట్టి, ఏ రోజుది ఆ రోజు పేరు రాసి పెట్టుకునేవాడు. అయినా పొద్దున్నే పనికి పోతూ దుకాణం ముందు సగం ధరకు పెట్టిన నిన్నటి తినుబండారాలు కనబడితే నోరు కట్టుకోలేక మధ్యాహ్నం భోజనం డబ్బులు అక్కడే ఇచ్చేసేవాడు. నెలాఖరున చేతిలో చిల్లర లెక్కపెట్టుకున్న మనకు ఇది విడమరచి చెప్పక్కరలేదు.

తెలియని వాళ్ళ గుమ్మం

ఆ ఫ్యాక్టరీలో బాబ్ ఫేగిన్ అని ఒక అనాథ కుర్రవాడు ఉండేవాడు. ఛార్లెస్ కంటే పెద్దవాడు. దారం ముడి ఎలా వేయాలో ఛార్లెస్‌కు నేర్పింది అతనే. ఒకరోజు ఛార్లెస్‌కు డొక్కలో విపరీతమైన నొప్పి వచ్చింది. గడ్డి మీద పడుకోబెట్టి, ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్ళు పోసి సాయంత్రం దాకా కాపడం పెట్టాడు బాబ్. పని అయ్యాక ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఇంటిదాకా దిగబెడతానన్నాడు.

ఛార్లెస్‌కు చెమటలు పట్టాయి. మా వాళ్ళు జైల్లో ఉన్నారని ఎలా చెప్పడం? వద్దన్నా బాబ్ వినలేదు. చివరికి ఒక వంతెన దగ్గర ఎవరిదో తెలియని ఇంటి మెట్లెక్కి, ఇదే మా ఇల్లని చెప్పి బాబ్‌ను పంపేశాడు. అతను వెనక్కి తిరిగి చూస్తాడేమోనని తలుపు కూడా తట్టాడు. తలుపు తీసిన ఆమెను, ఇది బాబ్ ఫేగిన్ గారి ఇల్లేనా అని అడిగి అక్కణ్ణుంచి జారుకున్నాడు.

మూడు నెలల తర్వాత తండ్రి విడుదలయ్యాడు. ఛార్లెస్ మాత్రం డబ్బాలు అంటిస్తూనే ఉన్నాడు. పని స్థలం ఇంకో వీధికి మారింది. అక్కడ కిటికీ పక్కన కూర్చోబెడితే వీధిలో పోయేవాళ్ళు అతని చేతివేగాన్ని నిలబడి చూసేవారు. కొంతకాలానికి తండ్రికీ ఆ బంధువుకీ మాటామాటా వచ్చి, కొడుకును పని మాన్పించాడు. తల్లి రాజీ కుదిర్చి మళ్ళీ పనికే పంపాలని చూసింది. తండ్రి కాదని బడిలో వేశాడు. తనను తిరిగి అక్కడికే పంపాలని అమ్మ అనుకున్న సంగతిని ఛార్లెస్ జీవితాంతం మరువలేదు.

కలం పట్టిన చేయి

బడి చదువు 1827లో ముగిసింది. పదిహేనేళ్ళకే లాయర్ ఆఫీసులో గుమాస్తా. అది చేస్తూనే పట్టుదలతో షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. కోర్టుల్లో, తర్వాత పార్లమెంటులో రిపోర్టరయ్యారు. 1833 డిసెంబరులో మొదటి కథ ఒక పత్రికలో అచ్చయింది. 1836లో 'పిక్‌విక్ పేపర్స్' నెలకొక భాగంగా రావడం మొదలై ఇంగ్లండు నాలుగు మూలలకూ ఆయన పేరు పాకింది. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు. అదే ఏడు కేథరిన్ హోగార్త్‌ను వివాహం చేసుకున్నారు. వెంటనే 'ఆలివర్ ట్విస్ట్'. పేదల ఆశ్రమంలో ఆకలితో ఇంకాస్త గంజి అడిగిన అనాథ బాలుడి కథ. అందులో పిల్లలకు దొంగతనం నేర్పే దుర్మార్గుడికి ఫేగిన్ అని పేరు పెట్టారు. వేడినీళ్ళ కాపడం పెట్టిన చేతికి దక్కిన బహుమతి అది! మేలు చేసినవాడి పేరు కూడా ఆ రోజులను గుర్తుచేసి ఆయన్ను అంతగా బాధించిందేమో.

1843

ఆ సంవత్సరం డికెన్స్‌కు బాగాలేదు. నడుస్తున్న నవల అమ్మకాలు తగ్గాయి. ప్రచురణకర్తలు నెలకిచ్చే సొమ్ములో 50 పౌండ్లు కోస్తామన్నారు. ఇంట్లో అయిదో బిడ్డ పుట్టబోతున్నాడు.

అప్పుడే ప్రభుత్వ సంఘం ఒకటి ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల మీద నివేదిక వెలువరించింది. అది చదివి డికెన్స్ చలించిపోయారు. పేదవాడి బిడ్డ పక్షాన ఒక కరపత్రం వేద్దామనుకున్నారు. సెప్టెంబరులో లండన్‌లోని ఫీల్డ్ లేన్ అనే పేటలో ఒక బడికి వెళ్ళారు. చినిగిన బట్టలతో వీధుల్లో తిరిగే పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి అది. ఆ పిల్లల ముఖాలు ఆయన్ను వెంటాడాయి. కరపత్రం చదివి పక్కన పడేస్తారు, కథయితే దెబ్బ ఎన్నో రెట్లు గట్టిగా తగులుతుందని ఆయనకు తోచింది.

అక్టోబరులో మొదలుపెట్టి ఆరు వారాల్లో పూర్తి చేశారు. రాస్తున్నన్నాళ్ళూ రాత్రిళ్ళు ఊరంతా పడుకున్నాక లండన్ వీధుల్లో పదిహేను, ఇరవై మైళ్ళు నడిచేవారు. రాస్తూ ఏడ్చేవారు, నవ్వేవారు, మళ్ళీ ఏడ్చేవారు.

దయ్యాల కథ

కథలో స్క్రూజ్ ఒక వడ్డీవ్యాపారి. అతని గుమాస్తా బాబ్ క్రాచిట్ జీతం వారానికి పదిహేను షిల్లింగులు. చలికి వణుకుతున్నా మరో బొగ్గుముక్క వేసుకోనివ్వడు. పండగకు ముందురోజు పేదల కోసం చందా అడగవచ్చిన పెద్దమనుషులను, జైళ్ళు లేవా, పేదల ఆశ్రమాలు లేవా అని వెటకారంగా తిప్పి పంపేస్తాడు. గుమ్మం దగ్గర పాట పాడబోయిన కుర్రవాణ్ణి బెదరగొట్టి తరిమేస్తాడు.

ఆ రాత్రి, ఏడేళ్ళ కిందట చనిపోయిన భాగస్వామి మార్లే దయ్యమై వస్తాడు. ఒంటినిండా గొలుసు. ఆ గొలుసుకు డబ్బుపెట్టెలు, తాళాలు, ఖాతా పుస్తకాలు. బతికుండగా తన చేతులతో తానే చేసుకున్న గొలుసు అది. నీకూ ఇదే గతి అని హెచ్చరించి, మూడు ఆత్మలు వస్తాయని చెప్పి వెళ్ళిపోతాడు.

మొదట వచ్చింది గడచిన కాలపు ఆత్మ. అది స్క్రూజ్‌ను ఒక పాత బడికి తీసుకెళుతుంది. సెలవులకు పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒకే ఒక కుర్రవాడు సన్నని మంట దగ్గర కూర్చుని చదువుకుంటున్నాడు. ఆ కుర్రవాడు స్క్రూజే. తనను తాను చూసుకుని ముసలివాడు వెక్కివెక్కి ఏడుస్తాడు. ఏడుపు తగ్గాక అతనికి ఒక సంగతి గుర్తొస్తుంది. నిన్న రాత్రి గుమ్మంలో పాడిన ఆ కుర్రవాడికి ఏదైనా ఇచ్చి ఉంటే బాగుండేది కదా అనుకుంటాడు.

తమ్ముళ్ళారా, ఈ చోట ఒక్క క్షణం ఆగండి. స్క్రూజ్ మారడం మొదలైంది ఇక్కడే. సమాధిని చూసి భయపడటం చివర్లో వస్తుంది. దానికంటే ఎంతో ముందే, ఒంటరి కుర్రవాడిగా ఉన్న తనను గుర్తుపట్టినప్పుడే, ఇంకో కుర్రవాడి మీద జాలి కలిగింది. ఆ తర్వాతి దృశ్యంలో చెల్లెలు ఫ్యాన్ పరుగెత్తుకొచ్చి, నాన్న మనసు మెత్తబడిందని చెప్పి అతన్ని ఇంటికి తీసుకెళుతుంది. డికెన్స్ అక్క పేరు ఫ్యానీ అని మీకు గుర్తుండే ఉంటుంది.

రెండో ఆత్మ క్రాచిట్ ఇంటికి తీసుకెళుతుంది. కర్ర ఊతంతో నడిచే చిన్న కొడుకు టిమ్. పరిస్థితి ఇలాగే ఉంటే ఆ పిల్లవాడు బతకడని తెలుస్తుంది. ఆ ఆత్మ తన అంగీ మడతల్లోంచి ఎముకల గూళ్ళలాంటి ఇద్దరు పిల్లలను చూపిస్తుంది. ఆడపిల్ల పేరు లేమి. మగపిల్లవాడి పేరు అజ్ఞానం. ఇద్దరి విషయంలోనూ జాగ్రత్తపడమని, అందులోనూ మగపిల్లవాడి విషయంలో మరీ జాగ్రత్తపడమని చెబుతుంది. చదువు దక్కని బిడ్డ దేశానికే ముప్పు అని దాని భావం. ఫీల్డ్ లేన్ బడి నుంచి డికెన్స్ తెచ్చుకున్న పిల్లలు వీళ్ళు.

మూడో ఆత్మ, ఎవరూ కన్నీరు కార్చని ఒక చావును చూపిస్తుంది. సమాధి రాయి మీద స్క్రూజ్ పేరు. తెల్లవారి లేచేసరికి అతను ఇంకా బతికే ఉన్నాడు, పండగ ఇంకా దాటిపోలేదు. క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపుతాడు. మర్నాడు గుమాస్తా జీతం పెంచుతాడు. టిమ్ బతుకుతాడు.

కథ పేదవాళ్ళ దగ్గరికి నడిచింది

పుస్తకం 1843 డిసెంబరు 19న వెలువడింది. జాన్ లీచ్ బొమ్మలు, చేత్తో వేసిన రంగులు. 6,000 ప్రతులు క్రిస్మస్ లోపే చెల్లిపోయాయి. కానీ ధర అయిదు షిల్లింగులు. అంటే బాబ్ క్రాచిట్ వారం జీతంలో మూడోవంతు. ఎవరి కోసం రాశారో వాళ్ళు కొనలేని పుస్తకం! తయారీ ఖర్చు ఎక్కువై డికెన్స్‌కు కూడా మిగిలింది 230 పౌండ్లే. ఆయన వెయ్యి ఆశించారు. 1844 జనవరిలో ఒక సంస్థ కథను దొంగతనంగా అచ్చువేసింది. డికెన్స్ కోర్టుకెక్కి గెలిచారు. ఓడినవాళ్ళు దివాళా తీయడంతో 700 పౌండ్ల ఖర్చు ఆయన మీదే పడింది.

ఆ కథను నిజంగా జనంలోకి తీసుకెళ్ళింది తిరిగి చెప్పినవాళ్ళు. ఫిబ్రవరి 5న ఒకే రోజు లండన్‌లో మూడు నాటకశాలలు ఆ కథను రంగమెక్కించాయి. చదువురానివాళ్ళు కూడా స్క్రూజ్‌ను చూశారు. తర్వాత డికెన్సే తన కథను తిరిగి చెప్పడానికి పూనుకున్నారు. 1853 డిసెంబరు 27న బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో మొదటిసారి బహిరంగంగా చదివారు. రాబడి అంతా ఒక విద్యాసంస్థకు. 30వ తేదీన ఆరు పెన్నీల టికెట్‌తో, అంటే అర షిల్లింగుకు, కార్మికుల కోసం మళ్ళీ చదివారు. అది ఆయనే పట్టుబట్టి పెట్టించుకున్న సభ. పాత్రకొక గొంతు, ముఖంలో ఒక్కొక్క భావం. మొదట మూడు గంటలు పట్టిన దాన్ని కత్తిరించి, కొట్టివేసి గంటన్నర లోపుకు తెచ్చారు. ఆయన కొట్టివేతలున్న ఆ ప్రతి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

1901లోనే ఇంగ్లండులో దీన్ని మూకీ సినిమాగా తీశారు. 1951లో అలస్టెయిర్ సిమ్, 1992లో మపెట్ బొమ్మల నడుమ మైకేల్ కెయిన్, 2009లో జిమ్ క్యారీ స్క్రూజ్ వేషం కట్టారు. పిసినారికి ఇంగ్లీషు నిఘంటువులో స్క్రూజ్ అన్న మాట చేరిపోయింది. ఒక్కటే లోటు. కొన్ని సినిమాల్లో అంగీ మడతల్లోని ఆ ఇద్దరు పిల్లలు కనబడరు. పండగ సందడిలో వాళ్ళనే మరిచిపోయారు.

మరో వైపు

మహనీయుల గురించి రాసేటప్పుడు మచ్చలు దాచడం మనకు అలవాటు. అది సరికాదు. పదిమంది బిడ్డల తల్లి అయిన భార్యను డికెన్స్ 1858లో దూరం చేసుకున్నారు. తన తప్పు లేదన్నట్టు పత్రికల్లో ప్రకటన కూడా ఇచ్చారు. 1857లో మన దేశంలో తిరుగుబాటు లేచినప్పుడు, తానే భారత సైన్యానికి అధిపతినైతే ఆ జాతిని తుడిచిపెట్టేవాణ్ణని ఒక స్నేహితురాలికి ఉత్తరం రాశారు. లండన్ పేద పిల్లవాడి కోసం ఏడ్చిన గుండె మన దగ్గరికి వచ్చేసరికి రాయైపోయింది.

ఆ ఏడాదే ఆయన కొడుకు వాల్టర్ పదహారేళ్ళకు సైనికోద్యోగం మీద ఇండియా వచ్చాడు. తాతలాగే అప్పులపాలయ్యాడు. 1863 డిసెంబరు 31న కలకత్తాలో, 22 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ కబురు తండ్రికి చేరింది 1864 ఫిబ్రవరి 7న. అది డికెన్స్ పుట్టినరోజు. మనిషి మారడం ఒక్క రాత్రితో అయిపోయేది కాదని, రాసినవాడికి కూడా అది పూర్తికాలేదని ఆయన జీవితమే చెబుతోంది.

చివరి క్రిస్మస్

1869 క్రిస్మస్. ఇంట్లో అందరూ కూర్చుని జ్ఞాపకశక్తి ఆట ఆడుతున్నారు. ఒకరు ఒక మాట చెబితే తర్వాతివారు అది చెప్పి ఇంకోటి చేర్చాలి. డికెన్స్ వంతు వచ్చింది. ఆయన కళ్ళలో ఏదో వింత మెరుపుతో వారెన్ బూట్‌పాలిష్ కంపెనీ పేరు, చిరునామా చేర్చారు. పిల్లలకు అది ఏమిటో అర్థం కాలేదు. ఆట సాగిపోయింది.

1870 మార్చి 15న లండన్‌లో చివరిసారిగా 'క్రిస్మస్ కేరల్' చదివి శ్రోతల దగ్గర సెలవు తీసుకున్నారు. జూన్ 9న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేశారు. ఆ తర్వాత మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో ఫ్యాక్టరీ సంగతి, జైలు సంగతి బయటపడ్డాయి. డికెన్స్ ఆ స్నేహితుడి చేతిలో మాత్రమే ఆ పుటలు పెట్టి ఉంచారు. అప్పుడు గానీ ఆ ఆటలోని మాటకు అర్థమేమిటో కొడుకుకు తెలియలేదు.

మన సంగతి

ఇప్పుడు నా మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే, సాంఘిక సంక్షేమ హాస్టల్ అని నేను చెప్పేవాణ్ణి కాను. టౌన్లో మేనమామ ఇంట్లో ఉండి చదివానని చెప్పేవాణ్ణి. నాకు టౌన్లో మేనమామే లేడు. నేనూ తెలియని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టినవాణ్ణే. ఆ అబద్ధం వల్ల నా గౌరవం పెరగలేదు. జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా నా నుదుటిమీద తడిగుడ్డ వేసిన నా గది స్నేహితుణ్ణి మాత్రం ఏళ్ళ తరబడి దూరం చేసుకున్నాను.

డికెన్స్ తన బాల్యాన్ని నోటితో చెప్పలేకపోయారు. కథలో చెప్పారు. ఆ ఒక్క నిజం వల్లే ఆ కథ ఇంకా బతికి ఉంది. పెద్ద ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులారా, సెలవుల్లో ఖాళీ హాస్టల్లో ఒక్కడే కూర్చున్న ఆ కుర్రవాణ్ణి ఒకసారి గుర్తుచేసుకోండి. వాడు మనమే కావచ్చు. ఇప్పుడు అక్కడ ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ఈ సంక్రాంతికి ఎవరైనా వెళ్ళి వాణ్ణి భోజనానికి ఇంటికి తీసుకెళ్ళండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు మాత్రం ఎవరు అడిగినా హాస్టల్ పేరు తలెత్తుకుని చెప్పండి.